కొండ వెనక గాలి

నేను ఒక గాలిసంచిని. హెలికాప్టరు దిగే చోట, కొండ కొమ్ము మీద, పొడవాటి గడకు కట్టి ఉంటుందే, నారింజ తెలుపు పట్టెల గుడ్డ గొట్టం, అదే నేను. నాకు నోరుంది, తోకుంది, మధ్యలో ఏమీ లేదు. గాలి నోట్లో దూరి తోకలోంచి వెళ్లిపోతుంది. అది వెళ్తున్నంత సేపూ నేను నిక్కి నిలబడతాను. మనుషులు నన్ను చూసి, గాలి గుట్టు మొత్తం తెలిసిపోయినట్టు తలలూపుతారు. నా బతుకంతా ఇంతే. ఈ కాస్త బతుకులోనే ఒక మనిషి ప్రాణం పోయింది. ఆయన ఆఖరుసారి తేరిపార చూసింది నన్నే. ఆ సంగతి ఎవరికైనా చెప్పుకుంటే తప్ప నాకు తెరిపి లేదు.

నన్ను కుట్టింది మదనపల్లెలో ఆటో టాపులు కుట్టే ఖాదర్‌వలీ. చేతిలో గుడ్డ తిప్పి తిప్పి చూసి, "రెండు పక్కలా నోరుండే సంచి ఎందుకబ్బా? దీంట్లో ఏం నిలుస్తాది?" అన్నాడు. "నిలవాల్సిందేం లేదు భాయ్, నువ్వు కుట్టు. పెద్దాయన వస్తా ఉండాడు" అన్నాడు షామియానాల కాంట్రాక్టరు. పెద్దాయన హెలికాప్టరులో రావాలి. కాలేజీ మైదానంలో సున్నంతో పెద్ద గుండ్రం గీశారు, మూలన నన్ను గడ కట్టి నిలబెట్టారు. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా గాలి ఎటు తిరిగితే అటు నేను నిజాయితీగా చూపిస్తూనే ఉన్నాను. పెద్దాయన కారులో వచ్చి, కారులోనే వెళ్లిపోయాడు. ఆ రోజు గాలి ఎటు వీస్తోందో ఆ మైదానంలో ఒక్కరికీ అవసరం పడలేదు.

తర్వాత రెండేళ్లు కాంట్రాక్టరు గోడౌనులో షామియానా కర్రల కింద పడి ఉన్నాను. ఎలుకలు నా కుట్లు రుచి చూశాయి. అక్కడికి ఒకరోజు కుర్చీలు అద్దెకు తీసుకోవడానికి దేవసహాయం వచ్చాడు. పొట్టి మనిషి, నెరిసిన మీసం, నవ్వితే భుజాలు ఊగిపోతాయి. నన్ను చూడగానే కుర్చీల సంగతి మరిచిపోయాడు. నాలోకి భుజం దాకా చెయ్యి దూర్చి, అవతలి నుంచి వేళ్లు ఆడించి, "ఇది నాకిచ్చేయప్పా, నీ పుణ్యముంటాది" అన్నాడు. వైమానిక దళంలో ఇరవై ఏళ్లు పని చేసి వచ్చిన మనిషి ఆయన. ఊదరకొండ మీద హ్యాంగ్ గ్లైడింగ్ నేర్పుతున్నాడు.

ఆ ఆట ఏమిటో తెలియనివాళ్లకు చెబుతాను. అల్యూమినియం గొట్టాల చట్రానికి గట్టి గుడ్డ బిగించి పెద్ద రెక్క చేస్తారు. మనిషి దాని కింద పట్టీలతో తనను తాను కట్టుకుని, రెక్కను భుజాల మీద మోస్తూ, కొండ అంచుకేసి పరిగెడతాడు. గాలి లోయలోంచి ఎదురుగా పైకి వస్తుంటే రెక్క లేస్తుంది, మనిషి గద్దలా తేలతాడు. గాలి వెనకనుంచి వస్తుంటే అదే రెక్క మనిషిని రాళ్ల మీదికి తోసేస్తుంది. కాబట్టి పరిగెత్తే ముందు గాలి చూడాలి. గాలి కంటికి కనిపించదు గనుక నన్ను చూడాలి. ఇన్ని కోట్ల మనుషులున్న లోకంలో, ప్రాణం మీదికి వచ్చే మాట ఒక గుడ్డముక్కను అడగాల్సి రావడం నాకు మొదట్లో నవ్వు తెప్పించింది. తర్వాత నవ్వు రాలేదు.

ఎగిరే చోటును దూకుడుబండ అంటారు. అది కొండకు పడమటి వైపు ఉంది. కింద టమాటా తోటలు, ఇటుక బట్టీలు, రోడ్డు. వెనక, తూర్పున, అంతా అడవి. మధ్యాహ్నం ఎండకు పడమటి వాలు వేడెక్కి, వెచ్చటి గాలి నెమ్మదిగా బండ మీదికి పాకుతుంది. మంచి గాలే. కానీ కొన్ని రోజులు, ముఖ్యంగా కార్తీకంలో, అడవి వైపు నుంచి తూర్పుగాలి లేస్తుంది. అది కొండ నెత్తి మీదుగా దాటి, బండకు ఇరవై అడుగుల అవతల విరుచుకుపడి సుడి తిరుగుతుంది. ఇంత జరుగుతున్నా బండ మీద, నేనున్న చోట మాత్రం, ఆ సుడిలోంచి తిరిగొచ్చిన పలచటి గాలి ఎప్పటిలాగే కింది నుంచి వస్తూనే ఉంటుంది. నేను నిండుగా, తిన్నగా నిలబడి 'పరిగెత్తు' అంటూనే ఉంటాను. నేను చెప్పేది అబద్ధం కాదు. నేనున్న చోట అది నిజం. ఇరవై అడుగుల అవతల అది చావు.

నాకు తేడా తెలుసు. వాసన బట్టి తెలుస్తుంది. మంచి గాలి నోట్లోకి వస్తే రోడ్డు పక్కన పారబోసిన టమాటాల పులుపు, బట్టీల పొగ. అడవి గాలి సుడి తిరిగి నాలో దూరితే కుళ్లిన తడి ఆకు, బోదగడ్డి, ఎండ ఎన్నడూ పడని చోటి చల్లదనం. అది నా గుండా పోతుంటే ఎవరో పరాయివాళ్లు మన ఇంట్లో చెప్పుల్లేకుండా నడుస్తున్నట్టుంటుంది. అయినా నేను నిండుతాను. నిండకుండా ఉండడం నా చేతిలో లేదు.

దేవసహాయానికి ఈ సంగతి తెలుసు. అందుకే కొండ వెనక కనుమలో ఒక కర్రకు ఎర్రగుడ్డ కట్టి, దాని దగ్గర రెడ్డెమ్మను కూర్చోబెట్టాడు. రెడ్డెమ్మ ఆ అడవంచున మేకలు కాసుకునే మనిషి, యాభై దాటింది. గుడ్డ అడవి వైపు ఎగిరితే మంచిదే. కొండ వైపు తిరిగిందంటే తూర్పుగాలి లేచినట్టు. అప్పుడు ఆమె మూడుసార్లు ఈల వేయాలి. తన ఉద్యోగం నాటి ఉక్కు ఈల, లోపల గింజ గలగలమని ఆడేది, ఆయన ఆమెకిచ్చాడు.

"మూడుసార్లు ఊదక్కా. నేను ఎగరబోతున్నా సరే, ఎవరుంటే వాళ్లను చూడొద్దు, ఊదేయ్."

"ఊదితే నిలబడతావా సారూ?"

"నిలబడక? నాకేమన్నా రెండు ప్రాణాలుండాయా?"

ఆరేళ్లు అట్లాగే జరిగింది. ఈల వినపడితే రెక్క దించేవాడు. శిష్యులు గొణిగితే, "రెడ్డెమ్మక్క చెప్పింది, అయిపోయింది" అనేవాడు. నేను నిండుగా ఊగుతున్నా నాకేసి చూసేవాడు కాదు. నాకు అవమానంగా ఉండాల్సింది. నిజం చెప్పాలంటే ప్రాణం హాయిగా ఉండేది.

ఒక కార్తీకంలో గ్లైడింగ్ క్లబ్బు కార్యదర్శి తులసీనాథ్, డబ్బు మంజూరు చేయగల ఆరుగురు అతిథుల్ని తీసుకొచ్చాడు. వాళ్లకు నచ్చితే కొండ మీదికి రోడ్డు వస్తుంది, కొత్త రెక్కలు వస్తాయి. మూడు రోజులు గాలి కుదరలేదు. మనుషులకు గాలి కోసం ఎంతైనా ఓపిక ఉంటుంది గానీ, పక్కన చూసేవాళ్లుంటే ఆ ఓపిక ఎటో పోతుంది. నాలుగో రోజు మధ్యాహ్నం మూడింటికి నేను నిండాను. అంత అందంగా నేను ఎప్పుడూ నిలబడలేదు. అతిథులు సెల్‌ఫోన్లు ఎత్తారు. మైకులో పాటలు మోగుతున్నాయి. దేవసహాయం రెక్క ఎత్తుకుని అంచుకు వచ్చాడు. నా నోట్లో తడి ఆకు వాసన.

అప్పుడు ఈల వినిపించింది. మూడుసార్లు. మైకు హోరులో అతిథులకు వినపడలేదు, తులసీనాథ్‌కు వినపడలేదు. దేవసహాయానికి వినపడింది. ఆయన తల తిప్పాడు. రెడ్డెమ్మ కనుమ వదిలి కొండ నెత్తి మీదికి పరిగెత్తుకొచ్చి, రెండు చేతులూ అడ్డంగా ఊపుతోంది. ఆయన ఆమెను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. నేను పక్కకు కూడా ఊగలేదు. ఆయన ఆమె వైపు 'విన్నాలే' అన్నట్టు ఒక చెయ్యి ఎత్తి దించి, పరిగెత్తాడు.

నాలుగు అడుగులు బండ మీద, ఐదోది గాల్లో. ఇరవై అడుగుల అవతల రెక్క ఎడమ వైపు ఎవరో పైనుంచి అరచేత్తో నొక్కినట్టు ఒరిగిపోయింది. రాళ్ల మీద పడిన చప్పుడు ముందు వచ్చింది, అతిథుల కేకలు తర్వాత వచ్చాయి. నేను ఇంకా నిండుగానే ఉన్నాను. సాయంత్రం ఆయన్ను కిందికి మోసుకెళ్లేదాకా అట్లాగే నిలబడి, అంతా బాగుందని చూపిస్తూనే ఉన్నాను.

మర్నాడు తులసీనాథ్ రెడ్డెమ్మను నా గడ కిందే నిలబెట్టి అడిగాడు. "నిద్రపోయినావా?"

"లేదు సారూ. ఊదినా."

"ఊదింటే దేవసహాయం అన్న ఎట్లా పరిగెత్తుతాడు? ఆరేళ్లలో ఒక్కసారన్నా ఈల మీరినాడా ఆయన?"

రెడ్డెమ్మ నోరు తెరిచింది. విన్నాడు, చూశాడు, అయినా పోయాడు అని చెప్పబోయి, నాకేసి ఒకసారి చూసి, నోరు మూసుకుంది. చెబితే రేపటి నుంచి ఊళ్లో అందరూ, 'చెప్పినా వినకుండా చూసేవాళ్ల కోసం చచ్చాడంట' అంటారు. అక్కా అని పిలిచిన మనిషికి ఆ పేరు రావడం ఆమెకు ఇష్టం లేదు. ఆ నింద తన మీద వేసుకుని కిందికి దిగిపోయింది. ఉక్కు ఈల లాక్కుని ఆఫీసు సొరుగులో పెట్టి తాళం వేశారు. రిజిస్టరులో 'కాపలా మనిషి నిర్లక్ష్యం వల్ల' అని రాశారు. ఆయన ఎత్తిన చెయ్యి తమకే అనుకున్నారు అతిథులు. అది ఎందుకో తెలిసినవాళ్లం ఇద్దరమే, ఆమె, నేను. ఆమె చెప్పదు. నేను చెప్పలేను.

రెడ్డెమ్మ చోట ఇంకెవరినీ పెట్టలేదు. చలికాలం పోయాక మళ్లీ ఎగరడం మొదలుపెట్టారు. మొదటి వారంలోనే, నలుగురు శిష్యులు బండ మీద వరసలో ఉండగా, కొండ వెనకనుంచి ఈల వినిపించింది. మూడుసార్లు. అందరూ రాయిలా అయిపోయారు. ఇద్దరు వెళ్లి చూసొచ్చారు. కనుమలో ఎవరూ లేరు. ఎర్రగుడ్డ మాత్రం కొండ వైపు ఎగురుతోంది. ఆ రోజు ఎవరూ ఎగరలేదు.

తర్వాత కూడా అంతే. అడవి గాలి లేచిన రోజు ఈల మోగేది, వెళ్లి చూస్తే గడ్డి తప్ప ఏమీ కనపడేది కాదు. పురుగు తొలిచిన వెదురులో గాలి దూరితే అట్లా కూస్తుందని తులసీనాథ్ చెప్పి, కనుమలోని వెదురు పొద మొత్తం నరికించాడు. ఈల ఆగలేదు. నాకు ఒక సంగతి పట్టుబడింది. ఈల ఎప్పుడూ ఒకేలా ఉండేది కాదు. కొన్ని రోజులు అది గాలిని కోసినట్టు సన్నగా సాగేది. కొన్ని రోజులు, ముఖ్యంగా మంగళవారాలు, లోపల గింజ గలగలమని ఆడేది. గింజ ఈల మోగినప్పుడు నా గుడ్డ కుట్లు కుట్లుగా బిగుసుకునేది. ఆ ఈల సొరుగులో, తాళం వెనక ఉందని నాకు తెలుసు.

మనుషులు భలేవాళ్లు. మొదట భయపడ్డారు, తర్వాత అలవాటు పడ్డారు, చివరికి దాని మీదే ఆనుకున్నారు. కనుమకు వెళ్లి గుడ్డ చూసి రావడం మానేశారు. "ఈల లేదు కదా, ఎగరొచ్చు" అనేవాళ్లు. జీతమిచ్చి పెట్టుకున్న బతికున్న మనిషిని తరిమేసి, ఎవరు ఊదుతున్నారో తెలియని ఈలకు కాపలా అప్పగించారు.

ఏడాది తిరిగే రోజున దేవసహాయం కూతురు ఎస్తేరు వచ్చింది. ఇరవై ఆరేళ్ల పిల్ల. ఎక్కడో పైరాష్ట్రంలో గ్లైడింగ్ నేర్చుకుని, తండ్రి విరిగిన రెక్కను బాగు చేయించి మోసుకొచ్చింది. ఆయన దిగలేకపోయిన కొండ కింది చేలో తాను దిగాలని ఆమె పంతం. రిజిస్టరు తెప్పించుకుని ఆ వాక్యం చదివింది. "ఆ యమ్మ ఇప్పుడు ఎక్కడుంది?" అని అడిగింది. "మేకలు అమ్మేసుకుని తోటల్లో కూలికి పోతాంది" అన్నాడు తులసీనాథ్. "మంచిదే, మళ్లీ ఎవుర్నీ చంపకుండా" అంది ఎస్తేరు.

ఆ రోజు బుధవారం. మూడు కొట్టేసరికి నేను నిండాను. తిన్నగా, అందంగా, చివరి పట్టె దాకా. నోట్లో తడి ఆకు, బోదగడ్డి, ఆ చల్లదనం. నా ఒంట్లో ప్రతి కుట్టూ ఈల కోసం ఎదురుచూసింది. ఎస్తేరు పట్టీలు బిగించుకుంది. రెక్క కింద బోర్లా వేలాడి పట్టీలు తనను సరిగ్గా మోస్తున్నాయో లేదో చూసుకుంది. లేచి రెక్క ఎత్తుకుంది. ఈల లేదు. సన్నటి ఈల లేదు, గింజ ఈల లేదు. కొండ వెనక అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు.

"ఈల లేదు పాపా. నీదే ఆలస్యం" అన్నాడు తులసీనాథ్.

ఎస్తేరు తల ఎత్తి నన్ను చూసింది. తండ్రి కళ్లే. ఆయన చూసినంతసేపూ చూసింది. చిరిగిపోవాలనుకున్నాను. ఖాదర్‌వలీ కుట్టు గట్టిది, చిరగలేదు. గడ విరిగితే బాగుండనుకున్నాను, విరగలేదు. నన్ను నమ్మొద్దు తల్లీ అని లోపల గింజుకుంటూ, బయటికి మాత్రం రమ్మని పిలుస్తున్నాను. అంత భయం నాకు ఆమె తండ్రి చచ్చిన రోజు కూడా వేయలేదు.

ఆమె మొదటి అడుగు వేయబోతుండగా రెక్క ముందు ఎవరో వచ్చి పడ్డారు. రెడ్డెమ్మ. కొండ నెత్తి మీదనుంచి దిగి వచ్చింది, రొప్పుతోంది, మోచేతులు గీసుకుపోయాయి. రెక్క ముక్కు దగ్గరి తీగను రెండు చేతులతో పట్టుకుని, లోయకు వీపు పెట్టి అంచు మీద నిలబడింది. ఎస్తేరు పరిగెత్తితే ఇద్దరూ పోతారు.

"ఎవురు నువ్వు? అడ్డం లెయ్!"

"రెడ్డెమ్మను. వెనక గాలి తిరిగింది తల్లీ. దించు."

"నువ్వా! గాలి చూడు, ఎట్లా ఉందో! ఆ పొద్దు ఊదాల్సింది ఊదకుండా నిద్రపోయి, ఈ పొద్దు వచ్చి నాకు గాలి చెప్తావా?"

రెడ్డెమ్మ ఏడాది పాటు మోసిన మాట అప్పుడు దించింది.

"ఊదినానమ్మా. మూడుసార్లు ఊదినా. మీ నాయన ఇన్నాడు. తిరిగి నన్ను చూసినాడు. ఇన్నాలే అని చెయ్యి కూడా ఎత్తినాడు. ఎత్తి, ఈ సంచిని చూసి, పరిగెత్తినాడు. ఊదితే చాలదని ఆ పొద్దే తెలిసింది నాకు. అందుకే ఆయన బిడ్డ ఎగరతాందని తెలిసి ఈ పొద్దు ఊదలా. వచ్చినా."

"అబద్ధం" అంది ఎస్తేరు. కానీ తండ్రిని ఎరిగిన కూతురు. చూసేవాళ్ల ముందు ఆయన ఎట్లా ఉంటాడో ఆమెకు తెలుసు. మరి కాసేపు రెక్క అట్లాగే భుజాల మీద పెట్టుకుని నిలబడింది. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, రెక్క దించి, పట్టీ కొక్కెం తప్పించింది.

కొక్కెం ఊడిన చప్పుడు ఇంకా చెవిలో ఉండగానే నేను చచ్చుబడి గడకు వేలాడాను. మరుక్షణం కొండ నెత్తి మీదనుంచి పడిన గాలి నన్ను వెనక్కి విసిరి, తోకను లోయ వైపు చాచింది. రెక్క ఒక్క ఉదుటున లేచింది. ఇద్దరాడవాళ్లూ చెరో పక్కా పట్టుకుని దాని మీద పడిపోయారు. అది అంచు దాటి ఉంటే ఏమయ్యేదో అక్కడున్న ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది.

గాలి తగ్గాక ఎస్తేరు అడిగింది. "ఇన్నాళ్లూ కొండ వెనక ఊదతాండేది నువ్వేనా?"

"నేనేనమ్మా. కూలి పని మధ్యాన్నానికే అయిపోతాది, వచ్చి గడ్డిలో దాంకోని ఊదేదాన్ని. ఈల తీసుకున్నారు గదా, నోట్లో వేళ్లు పెట్టుకుని. కండ్ల ముందర ఇంకోరు పడిపోతే నేను బతకలేను."

"మంగళవారాలు కూడానా?" అని శిష్యుల్లో ఒకతను అడిగాడు. "ఆ దినాల్లో గింజ ఆడినట్టు మోగేదే?"

"మంగళారం నేను టమాటా మండీలో గంపలు మోస్తా. ఆ దినం ఒక్కసారి కూడా కొండెక్కలా" అంది రెడ్డెమ్మ.

తులసీనాథ్ చెయ్యి దానంతట అదే జేబులోకి వెళ్లి, సొరుగు తాళంచెవిని తడుముకుంది. అది అక్కడే ఉంది.

ఆ సాయంత్రమే ఎస్తేరు రిజిస్టరు ముందు పెట్టుకుంది. రెడ్డెమ్మ వద్దంది. "పోయినోడి మీద ఎందుకమ్మా రాసేది? నాకు పడిన పేరు పడింది."

"నీ మీద ఉండేది కొట్టేస్తాండా అత్తా" అంది ఎస్తేరు. ఆ వాక్యం మీద అడ్డంగా గీత గీసి, కింద రాసింది: 'ఈల మూడుసార్లు మోగింది. మా నాన్న విన్నాడు.' సంతకం పెట్టేటప్పుడు ఏడ్చింది. సొరుగు తెరిపించి ఉక్కు ఈల తీసి రెడ్డెమ్మ చేతిలో పెట్టింది. మర్నాటి నుంచి కనుమలో, నెత్తి మీద, వాలు మీద మూడు చోట్ల గుడ్డలు కట్టారు. మూడూ ఒక్క మాట మీద ఉంటే, ఆ పైన రెడ్డెమ్మ సరేనంటేనే ఎగరాలని నియమం పెట్టారు. ఇప్పుడు ఆమె మండీకి వెళ్లే రోజున కొండ మీద ఎవరూ ఎగరరు.

నన్ను గడ మీదనుంచి దింపేశారు. ఎస్తేరు స్వయంగా దింపింది. నా మీద ఆమెకు కోపముందో లేదో తెలియదు. మడత పెట్టకుండా, రెక్కలు దాచే రేకుల గదిలో మేకుకు తగిలించింది. కిటికీలు లేని గది. తలుపు మూస్తే దుమ్ము కూడా కదలదు. ఇక నాకు విశ్రాంతి అనుకున్నాను.

కానీ కొన్ని మధ్యాహ్నాలు, మూసిన గదిలో, నేను నిండుతాను. ముందు నోరు తెరుచుకుంటుంది, తర్వాత పట్టె తర్వాత పట్టె ఉబ్బి, తోక చివరి దాకా లేచి, బండ వైపు తిన్నగా నిలబడతాను. వాసన ఏమీ ఉండదు. టమాటా లేదు, ఆకు లేదు. నాలోంచి పోతున్నది ఏదో నాకే తెలియదు. భుజం దాకా చెయ్యి దూర్చినట్టు మాత్రం ఉంటుంది. ఎగరమని చెబుతోందో, వద్దని చెబుతోందో చెప్పలేను. నేను గుడ్డను, నాకు దిక్కు చూపడమే వచ్చు. అట్లా నన్ను చూసిన శిష్యులు ఇద్దరు ముగ్గురు కొండ దిగి మళ్లీ రాలేదు.

ఎస్తేరు కూడా చూసింది. రెక్క తీసుకోవడానికి తలుపు తెరిచి, గాలి లేని గదిలో నిండుగా నిలబడిన నన్ను చూసి, గడప దగ్గరే ఆగిపోయింది. పెదవులు కదిలాయి, ఎవరినో పిలవబోయినట్టు. పిలవలేదు. కాసేపటికి తలుపు దగ్గరగా వేసి, బయట గొళ్లెం పెట్టి, గాలి ఎట్లా ఉందో రెడ్డెమ్మను అడగడానికి కనుమకేసి నడిచింది.